మూడు సీవీలు, ఒకే కుర్రాడు: సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఏది పంపాలి?

మొన్న సంక్రాంతికి భీమవరం దగ్గర మా పిన్ని వాళ్ల ఊరు వెళ్లాను. కనుమ నాడు భోజనాలయ్యాక మగాళ్లంతా పందేల బరి వైపు పోతే, పిన్ని కొడుకు మాత్రం ఫోన్ పట్టుకుని నా పక్కన చేరాడు. వాడికి బీటెక్ అయి ఏడాదిన్నర. "అన్నయ్యా, నా దగ్గర మూడు సీవీలున్నాయి. ఏది పంపమంటావు?" అన్నాడు.

మూడూ చూశాను. మొదటిది నెట్ సెంటర్‌లో డబ్బులిచ్చి టైపు చేయించింది. రెండోది కాన్వా అనే డిజైన్ వెబ్‌సైట్‌లో వాడే చేసుకున్నది. ఎడమ పక్కన ముదురు నీలం పట్టీ, అందులో గుండ్రటి ఫొటో. మూడోది చాట్‌జీపీటీ రాసిచ్చింది. ఇంగ్లిష్‌లో ఒక్క తప్పు లేదు. పేరూ ఫోన్ నంబరూ ఒకటే గానీ, చదివితే ముగ్గురు వేరువేరు మనుషుల్లా ఉన్నారు. ఆ ముగ్గురిలో ఏ ఒక్కడూ మావాడు కాదు.

నేను హైదరాబాద్‌లో 11 ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. ఐదారేళ్లుగా మా టీమ్ కోసం ఇంటర్వ్యూలు కూడా చేస్తున్నాను, అంటే సీవీలు చదవడం నా పనిలో భాగం. ఆ సాయంత్రం మేమిద్దరం ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. మా వైపు కుర్రాళ్లలో చాలామంది చేతిలో ఈ మూడు రకాల్లో ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి, ఆ బేరీజు ఇక్కడ రాస్తున్నాను.

నెట్ సెంటర్ బయోడేటా

పేజీ పైన మధ్యలో 'కరిక్యులమ్ విటే' అని పెద్దగా, కింద గీత. తర్వాత 'కెరీర్ ఆబ్జెక్టివ్': పేరున్న సంస్థలో సవాళ్లతో కూడిన ఉద్యోగం సంపాదించి, నా నైపుణ్యాలతో సంస్థ ఎదుగుదలకూ నా ఎదుగుదలకూ తోడ్పడటం. ఈ వాక్యం నాకు కంఠతా వచ్చు. 2013లో నా సీవీలోనూ ఇదే ఉంది. ఆపరేటర్ దగ్గర ఒకటే ఫైలు ఉంటుంది, పేరూ మార్కులూ మార్చి ప్రింట్ తీస్తాడు. రెండో పేజీలో తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లి కాలేదన్న సంగతి, వచ్చిన భాషలు, హాబీల్లో క్రికెట్టూ పాటలూ, బలాల్లో కష్టపడే తత్వం. అన్నిటికంటే కింద, పై వివరాలన్నీ నిజమని డిక్లరేషన్, ఊరు, తేదీ, సంతకం. గోత్రం, ఎత్తు కలిపితే పెళ్లిళ్ల పేరయ్య చేతికి ఇచ్చేయొచ్చు.

దీన్ని పూర్తిగా తీసిపారేయను. ఊళ్లో కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్ పోస్టుకో, రొయ్యల ప్లాంటు ఆఫీసులో కంప్యూటర్ పనికో ఇదే అడుగుతారు, ఇదే ఇవ్వండి. సాఫ్ట్‌వేర్ కంపెనీకి మాత్రం ఇందులో పనికొచ్చేది పావు పేజీ. మిగతాదంతా తీసేస్తుంటే మా బాబాయ్ అటుగా వచ్చి చూసి, "నా పేరెందుకు తీసేశార్రా?" అన్నాడు. "కంపెనీ వాళ్లు ఇప్పుడు అడగరు బాబాయ్. ఉద్యోగం ఇచ్చాక వెరిఫికేషన్ ఫారంలో అడుగుతారు, అప్పుడు రాస్తాడు" అన్నాను. "అడక్కపోతే మాత్రం చెప్పుకోకూడదా" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఈ బయోడేటాకి ఒక మంచి గుణం ఉంది, దాన్ని మాత్రం పట్టుకోవాలి. పై నుంచి కిందికి ఒకటే వరుస, మామూలు అక్షరాలు. మిషన్ చదివినా మనిషి చదివినా తికమక లేదు. కాకపోతే చాలామంది సెంటర్ నుంచి ప్రింట్ మాత్రమే తెచ్చుకుంటారు. తర్వాత దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పీడీఎఫ్ చేసి పంపుతారు. అది చూడ్డానికి పీడీఎఫ్, లోపల బొమ్మ. అందులో ఒక్క అక్షరం కూడా వెతికితే దొరకదు. సెంటర్‌కి వెళ్తే వర్డ్ ఫైలు మీ మెయిల్‌కి పంపించుకోండి, ప్రింట్ లేకపోయినా ఫర్వాలేదు.

కాన్వా రంగుల సీవీ

ఇది మావాడికి బాగా ఇష్టమైనది. రెండు రాత్రులు కూర్చుని చేశాడట. చూడ్డానికి నిజంగానే బాగుంది. అందుకే నోటితో చెప్పకుండా పరీక్ష చేసి చూపించాను. ఆ పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయమన్నాను. అరనిమిషం పని, ఎవరైనా చేసుకోవచ్చు.

నోట్‌ప్యాడ్‌లో ఏం వచ్చిందంటే, ప్రాజెక్టు గురించిన వాక్యం సగం, దాని మధ్యలో ఫోన్ నంబరు, తర్వాత 'జావా', 'పైథాన్' అని విడివిడిగా రెండు మాటలు, మళ్లీ ప్రాజెక్టు మిగతా సగం, చివర ఎక్కడో పేరు. నీలం పట్టీలో ఉన్నదీ కుడి పక్కన ఉన్నదీ కలగాపులగం అయిపోయాయి. మావాడి మొహం వాడిపోయింది.

ఇది ఎందుకు ముఖ్యమంటే, కాస్త పెద్ద కంపెనీల్లో చాలావాటిలో మీ ఫైలు ముందు ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తుంది. అది ఫైల్లోంచి అక్షరాలు తోడి, పేరు, చదువు, స్కిల్స్ అని గళ్లలో సర్దుకుంటుంది. రిక్రూటర్ ఆ గళ్లలో 'జావా, స్ప్రింగ్ బూట్' అని వెతుక్కుంటారు. అక్షరాలు చెల్లాచెదురైతే మీరు ఆ వెతుకులాటలో దొరకరు. రెండు వరుసల డిజైన్లు, టేబుళ్లు, బొమ్మల్లో రాసిన మాటలు, పేజీ హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరు, ఇవన్నీ ఇబ్బంది పెట్టేవే. ఈమధ్య వచ్చిన సాఫ్ట్‌వేర్లు కొన్ని రెండు వరుసల్ని కూడా బాగానే చదువుతున్నాయి. కానీ మీ ఫైలు ఏ కంపెనీలో ఏ సాఫ్ట్‌వేర్ చేతిలో పడుతుందో మీకు తెలియనప్పుడు ఆ రిస్క్ ఎందుకు?

ఏటీఎస్ పేరు చెప్పి భయపెట్టేవాళ్లు కూడా తయారయ్యారు. 'మీ స్కోరు 42, 90 కావాలంటే డబ్బు కట్టండి' అనే వెబ్‌సైట్లు ఉన్నాయి. ఆ స్కోరు ఆ వెబ్‌సైటు సొంత లెక్క, మీరు అప్లై చేసిన కంపెనీకి దానితో సంబంధం లేదు. ఇంకో తెలివి, ఉద్యోగ ప్రకటనలోని మాటలన్నీ తెల్ల రంగులో కనబడకుండా దాచి పెట్టడం. అక్షరాలు తోడేటప్పుడు అవన్నీ బయటపడతాయి, పరువు పోతుంది.

ఇక ఆ స్కిల్ బార్లు. జావా 80 శాతం, పైథాన్ 70, హెచ్‌టీఎంఎల్ 90 అని గీతలు. దేనిలో 80 శాతం? నేను ఇంటర్వ్యూలో ఇలాంటిది చూస్తే ఆ 80 దగ్గరే మొదలుపెడతాను, అదేమీ మీకు లాభం చేసే ప్రశ్న కాదు. గీతలు తీసేసి మామూలుగా వరుసలో రాయడం మేలు. రోజూ వాడేవి ముందు, కాలేజీలో ఒక సెమిస్టర్ ముట్టుకుని వదిలేసినవి అసలు వద్దు.

డిజైన్ ఉద్యోగాలకి, అంటే యూఐ, గ్రాఫిక్స్ లాంటివాటికి వెళ్లేవాళ్ల సంగతి వేరు, వాళ్ల చేతి పని కనబడాలి. వాళ్లు కూడా సీవీ సాదాగా ఉంచి, పని చూపించే లింకు పెడితే సరిపోతుంది. ఫ్రెషర్‌కి, డెవలపర్‌కి, టెస్టర్‌కి కాన్వా వద్దనే నా మాట. 2018లో అమెరికాలోని లాడర్స్ అనే సంస్థ కంటిచూపు ఎటు పోతుందో కొలిచి, రిక్రూటర్ మొదటిసారి ఒక సీవీ మీద సగటున 7.4 సెకన్లు పెడతారని తేల్చింది. ఆ కాస్త సమయంలో కన్ను నీలం పట్టీ మీద, ఫొటో మీద తిరిగితే మీ పని మీదికి వచ్చేదెప్పుడు?

చాట్‌బాట్ రాసిన సీవీ

మూడోదాంట్లో ఒక లైను ఉంది: హాస్పిటల్ వ్యవస్థకు నాయకత్వం వహించి, పనితీరును 40 శాతం మెరుగుపరిచారు. "ఏంట్రా ఈ 40?" అన్నాను. "ఏమో అన్నయ్యా, అదే వేసింది" అన్నాడు. "ఏ పనితీరు? ముందెంత ఉంది?" జవాబు లేదు. ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న రెండో నిమిషంలో వస్తుంది, అప్పుడు కూడా ఇదే మౌనం.

చాట్‌బాట్ వాడొద్దని నేను చెప్పను, నేనూ వాడతాను. కానీ దానికి ఖాళీ చేతులతో వెళ్లి 'మంచి సీవీ రాయి' అంటే, అది ఊళ్లో అందరికీ కుట్టిన చొక్కానే మీకూ తొడుగుతుంది. ఒకే వారంలో పదిమంది ఫ్రెషర్ల సీవీలు చదివితే అందరూ 'నాయకత్వం వహించి', 'నిరంతర తపనతో', 'వినూత్న పరిష్కారాలు' అంటూ ఒకే గొంతుతో మాట్లాడుతుంటారు. ముందు మీరు చేసిందేమిటో మీకొచ్చిన భాషలో, తెలుగులో అయినా సరే, పది లైన్లు రాసుకోండి. దాన్ని ఇచ్చి, కొత్తగా ఏమీ కలపకుండా చిన్న ఇంగ్లిష్ వాక్యాలు చేయమనండి. అయ్యాక ఆ సీవీనే తిరిగి ఇచ్చి, దీని మీద ఇంటర్వ్యూలో అడగదగ్గ 20 ప్రశ్నలు ఇవ్వమనండి. జవాబు చెప్పలేని ప్రశ్న ఏ లైను వల్ల వచ్చిందో ఆ లైను కొట్టేయండి. చాట్‌బాట్ అన్నిటికంటే బాగా చేసిపెట్టేది ఈ ప్రశ్నల పనే అని నా అభిప్రాయం.

కొన్న ప్రాజెక్టా, చెరువు గట్టు ప్రాజెక్టా

మూడు సీవీల్లోనూ ప్రాజెక్టు ఒక్కటే: ఆన్‌లైన్ హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్. ఫైనలియర్‌లో నలుగురు కలిసి ప్రాజెక్ట్ సెంటర్‌లో డబ్బు కట్టి తెచ్చుకున్నది. కోడ్, రిపోర్టు, పీపీటీ అన్నీ వాళ్లే ఇచ్చారు. ఇది కొత్త సంగతేం కాదు, లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. "ఇదికాక నువ్వు చేతులారా చేసింది ఏమన్నా ఉందా?" అని అడిగాను. లేదన్నాడు. పక్కనున్న పిన్ని అంది, "అదేంట్రా, చెరువు దగ్గర మోత మోగేది పెట్టావు కదా!"

బాబాయ్‌కి మూడెకరాల రొయ్యల చెరువు. రాత్రిపూట నీళ్లలో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజాముకి అది బాగా పడిపోతుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటే ఫర్వాలేదు. ఆ వేళ కరెంటు పోయి, కాపలావాడు నిద్రలో ఉండి జనరేటర్ వేయకపోతే పొద్దున్నకి రొయ్య తేలిపోతుంది. పంట మొత్తం పోయినట్టే. మావాడు ఈఎస్‌పీ32 అనే, ప్రోగ్రామ్ రాసుకోగల చిన్న బోర్డు కొని, ఏరియేటర్ల లైనులో కరెంటు ఉందో లేదో చూసేలా పెట్టి, పోతే తనకీ బాబాయ్‌కీ టెలిగ్రామ్‌లో మెసేజ్, షెడ్డులో బజర్ మోగేలా చేశాడు. ఇంత చేసి అది సీవీలో లేదు. "అది మన చెరువుకి చేసుకున్నది కదా అన్నయ్యా, ప్రాజెక్టు ఎలా అవుతుంది?"

నేను ఇంటర్వ్యూ చేసేవాడిలా అడగడం మొదలుపెట్టాను. కరెంటు పోతే నీ బోర్డుకి కరెంటు ఎక్కణ్ణుంచి? "మొదట పవర్‌బ్యాంక్ పెట్టానన్నయ్యా. బోర్డు తీసుకునేది మరీ తక్కువ కదా, ఎవరూ వాడట్లేదనుకుని అదే ఆగిపోయేది. అందుకని విడిగా బ్యాటరీ సెల్, ఛార్జింగ్ మాడ్యూల్ పెట్టాను." మరి నెట్? "డాంగుల్ కూడా ఆ బ్యాటరీ మీదే." కరెంటు రెండు సెకన్లు పోయి వస్తే? "మొదట్లో రాత్రంతా మోగేది, నాన్న తిట్టాడు. ఇప్పుడు 30 సెకన్లు చూసి అప్పుడు మోగుతుంది." ఇంత గుక్కతిప్పుకోకుండా చెప్పినవాడు హాస్పిటల్ ప్రాజెక్టు గురించి అడిగితే రెండు వాక్యాల దగ్గరే ఆగిపోయాడు.

గూగుల్‌లో హెచ్‌ఆర్ విభాగానికి అధిపతిగా పనిచేసిన లాస్లో బాక్ సీవీ లైన్లకి ఒక పద్ధతి చెప్పాడు: ఏం సాధించావు, అది ఎంత అని దేనితో కొలిచావు, ఎలా చేశావు, ఈ మూడూ ఒకే లైన్లో ఉండాలి. దాని ప్రకారం హాస్పిటల్ ప్రాజెక్టు తీసేసి ఇలా రాశాం. సీవీలో ఇంగ్లిష్‌లోనే ఉంది, తెలుగులో చెబితే ఇది:

'3 ఎకరాల రొయ్యల చెరువులో ఏరియేటర్లకు కరెంటు పోతే ఒక నిమిషంలోపు ఫోన్‌కు హెచ్చరిక పంపే పరికరం తయారుచేశాను. ఈఎస్‌పీ32, మైక్రోపైథాన్, టెలిగ్రామ్ బాట్. 8 నెలలుగా రోజూ వాడుకలో ఉంది.'

'క్షణాల పాటు పోయే కరెంటుకు వచ్చే తప్పుడు హెచ్చరికలను, 30 సెకన్ల నిర్ధారణ పెట్టి ఆపాను. కరెంటు, నెట్ రెండూ పోయినప్పుడు పనిచేయడానికి సొంత బ్యాటరీ, స్థానిక బజర్.'

ఇందులో గొప్ప మాట ఒక్కటీ లేదు. ప్రతి మాట వెనకా వాడు చెప్పగలిగిన కథ ఉంది. మీ ఇంట్లో చెరువు లేకపోవచ్చు. అంబాజీపేటలో మీ మావయ్యకి కొబ్బరి వ్యాపారం ఉంటే ఆయన కాయల లెక్క ఎక్సెల్‌లోంచి చిన్న యాప్‌లోకి తెచ్చి ఉంటారు, రావులపాలెంలో అరటి గెలల కమీషన్ లెక్క వేసి పెట్టి ఉంటారు. దాన్ని ఎవరో ఒకరు నిజంగా వాడుతున్నారంటే, కొన్న ప్రాజెక్టు కన్నా అది వంద రెట్లు మేలు.

ఫ్రెషర్‌గానే వెళ్లాలా, 'ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకోవాలా'

ఈ మాట రాయకుండా సీవీల గురించి రాస్తే మన దగ్గర అబద్ధమాడినట్టే. మావాడికి ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వచ్చిందట. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు లెటర్లు, పేస్లిప్పులు అన్నీ ఇస్తారు, కొంత ఇప్పుడు, మిగతాది ఉద్యోగం వచ్చాక. "అందరూ అలాగే వెళ్తున్నారన్నయ్యా" అన్నాడు. అందరూ కాదు గానీ వెళ్తున్నవాళ్లు ఉన్నారు, అది నిజమే. నా బ్యాచ్‌లోనూ వెళ్లారు. కొందరు నిలబడ్డారు కూడా, ఆ సంగతి దాచను.

కానీ అప్పటికీ ఇప్పటికీ తేడా వచ్చింది. 2014 నుంచి పీఎఫ్‌కి యూఏఎన్ నంబరు ఉంది. ఏ కంపెనీలో ఏ తేదీన చేరారు, ఎప్పుడు మానేశారు అన్నది ఆ నంబరు మీద వరుసగా కనబడుతుంది. చాలా ఐటీ కంపెనీలు పీఎఫ్ కడతాయి కాబట్టి, వెరిఫికేషన్ వాళ్లు ఆ సర్వీస్ హిస్టరీ అడుగుతున్నారు. లెటర్ తయారుచేసినంత తేలిగ్గా దాన్ని తయారుచేయలేరు. చేరిన ఆరు నెలలకి బయటపడ్డా ఉద్యోగం పోతుంది, ఆ కంపెనీలో మళ్లీ అడుగుపెట్టనివ్వరు. అప్పటికి కన్సల్టెన్సీకి ఇచ్చిన డబ్బు ఎటూ పోయినట్టే.

దొరక్కపోయినా ఇంకో కష్టం ఉంది. మూడేళ్ల వాడనుకుని మూడేళ్ల వాడి పనే ఇస్తారు. రాత్రి ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోతే లేపేది మిమ్మల్నే. ఆ టెన్షన్‌తో ఏడాది గడిపినవాణ్ణి దగ్గర్నుంచి చూశాను. జీతం బాగానే వచ్చేది, నిద్ర వచ్చేది కాదు. మావాడికి నేను చెప్పింది ఫ్రెషర్‌గానే వెళ్లమని, కుదిరితే మొదట చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ అయినా పట్టమని. ఆరు నెలల నిజం ఇంటర్న్‌షిప్‌లో చేసిన పని అడిగితే చెప్పుకోవచ్చు, లేని మూడేళ్ల గురించి ఏం చెబుతాం?

మరి ఈ ఏడాదిన్నర ఖాళీ? దాన్ని దాచలేదు. 'కుటుంబ రొయ్యల సాగు, ఆకివీడు' అని నెలలతో సహా ఒక లైను పెట్టాం. ఖాళీని చూసి అనుమానపడేవాళ్లు, దాని స్థానంలో పని కనబడితే ఆసక్తిగా అడుగుతారు.

చిన్న చిన్న ఎంపికలు, గబగబా

పేజీలు: పదేళ్ల లోపు అనుభవానికి ఒకటి, ఆపైన రెండు. మూడో పేజీ ఎవరూ చదవరు.

మార్కులు: పెద్ద సర్వీస్ కంపెనీలు పదో తరగతి నుంచి బీటెక్ దాకా 60 శాతం, బ్యాక్‌లాగ్ లేకపోవడం లాంటి షరతులు పెడుతుంటాయి కాబట్టి వాటికి పంపే సీవీలో మార్కులు ఉండాలి. స్టార్టప్‌లకి పంపేదాంట్లో తక్కువ మార్కులుంటే పెట్టక్కర్లేదు. అప్లికేషన్ ఫారంలో అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయాల్సిందే.

ఫొటో: మన దేశంలో సాఫ్ట్‌వేర్‌కి అక్కర్లేదు. అమెరికాకైతే ఫొటో, వయసు, పెళ్లి సంగతి ఏవీ పెట్టకూడదు, వివక్ష కేసుల భయంతో వాళ్లే ఇబ్బంది పడతారు. జర్మనీలో 2006లో సమానత్వ చట్టం వచ్చాక ఫొటో అడగడం తగ్గింది గానీ పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. మన కోనసీమ వాళ్లు ఎక్కువగా వెళ్లే గల్ఫ్‌కి మాత్రం ఫొటో, జాతీయత, వీసా స్థితి మామూలుగా రాస్తారు. అంటే బయటి దేశానికి వేరే ఫైలు ఉంచుకోవాలి.

తేదీల వరుసా, స్కిల్స్ వరుసా: ఇది కాస్త ఆగి చెప్పాల్సింది. అమలాపురంలో మా మేనత్త కూతురు ఐదేళ్లు టెస్టింగ్ చేసి, పాప పుట్టాక నాలుగేళ్లు ఇంట్లో ఉంది. ఆ ఖాళీ కనబడకుండా తేదీలన్నీ తీసేసి స్కిల్స్ మాత్రమే రాయమని ఎవరో సలహా ఇచ్చారు. అది పొరపాటు. తేదీలు లేని సీవీ చూడగానే రిక్రూటర్ మొదట వెతికేది తేదీలే. చివరికి తను పైన నాలుగు లైన్లలో స్కిల్స్, ఈమధ్య చేసిన కోర్సు, దాని కింద తేదీలతో పాత ఉద్యోగాలు, మధ్యలో 'పిల్లల పెంపకం కోసం విరామం, 2020 నుంచి 2024' అని ఒకే లైను పెట్టింది. ఇంటర్వ్యూల్లో ఆ లైను గురించి ఒక్కొక్కరు ఒక్కొక్క నిమిషం అడిగారు, అంతే.

ఏ పేరుతో వెళ్లాలి

గోదావరి జిల్లాల వాళ్లకి ఇదో పెద్ద తలనొప్పి. అన్నవరం స్వామి దయ వల్ల మా ఇళ్లలో సగంమంది వీర వెంకట సత్యనారాయణలే. దాన్ని చిన్నది చేస్తే వీవీఎస్‌ఎన్ అవుతుంది, ముందు ఇంటిపేరు, వెనక తాతగారి పేరు కూడా చేరతాయి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకలా, పాన్ కార్డులో ఒకలా, పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనక్కి వెళ్లి ఇంకొకలా ఉంటుంది. సీవీలో పొట్టి పేరా, పూర్తి పేరా అని అడిగితే, పైన పెద్దగా పిలిచే పేరు, ఇంటిపేరు చాలు అంటాను. ఫోన్ చేసిన రిక్రూటర్ తడబడకుండా పలకగలగాలి. కానీ అప్లికేషన్ ఫారంలో మాత్రం పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా. పాన్, ఆధార్ వేరేగా ఉంటే ఉద్యోగం వచ్చాక పరుగులు పెట్టే బదులు ఇప్పుడే మార్పించుకోండి, దానికి వారాలు పడుతుంది.

మెయిల్ ఐడీ గురించి ఒక్క మాట. మావాడిది ఇంటర్లో హీరో పేరు కలిపి పెట్టుకున్నది. కొత్తది తీయించాను. ఫైలు పేరు కూడా 'ఫైనల్ న్యూ 2' అని ఉంటే మార్చండి. మీ పేరు, మీరు చేసే పని, అంతే ఉండాలి.

ఇంతకీ ఏది పంపాం

ఆ రాత్రి తయారైంది నాలుగోది. నెట్ సెంటర్ దాని సాదా వరుస ఉంచాం, చాట్‌బాట్‌తో ఇంగ్లిష్ దిద్దించాం, కాన్వా నుంచి ఏమీ తీసుకోలేదు. అది వాడికి కాస్త బాధే. వర్డ్‌లో ఒక పేజీ. పైన పేరు, ఊరు దగ్గర 'భీమవరం, హైదరాబాద్ రావడానికి సిద్ధం'. తర్వాత స్కిల్స్ మూడు లైన్లు, చెరువు ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ దొరికితే పెట్టడానికి జాగా, చదువు, కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ వెబ్‌సైట్ లింకు. గిట్‌హబ్‌లో ఎవరివో కాపీ చేసి పెట్టుకున్న ప్రాజెక్టులు 30 దాకా ఉంటే అవన్నీ దాచేసి, చెరువు కోడ్ ఒక్కటే, దాని కింద బోర్డు ఫొటోతో పెట్టాం. పీడీఎఫ్ చేసి మళ్లీ నోట్‌ప్యాడ్ పరీక్ష పెడితే అంతా వరుసగా వచ్చింది.

ఉద్యోగాల వెబ్‌సైటు నౌకరీ వర్డ్, పీడీఎఫ్ రెండూ తీసుకుంటుంది, ఏదైనా ఫర్వాలేదు. ప్రొఫైల్ మాత్రం వారానికోసారి తెరిచి చిన్న మార్పైనా చేస్తుండాలి, ఈమధ్య యాక్టివ్‌గా ఉన్నవాళ్లను విడిగా వెతుక్కునే వీలు రిక్రూటర్లకి ఉంది. తెలిసినవాళ్ల ద్వారా రెఫరల్ అడిగేటప్పుడు ఫైలొక్కటే వాట్సాప్‌లో పడేయకుండా, ఏ ఉద్యోగానికి, దాని నంబరెంత అని రెండు లైన్లు రాయాలి. 'అన్నా చూడవా' అని ఫైలు మాత్రమే పంపినవి నా ఫోన్‌లోనే తెరవనివి డజను ఉన్నాయి, సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

చివరికి మిగిలింది ఫోన్ నంబరు. చెరువు షెడ్డులో మావాడి సిమ్‌కి సిగ్నల్ ఉండదు, వాడు సగం రోజు అక్కడే. అందుకని రెండో నంబరుగా పిన్నిది పెట్టాం. ఎవరైనా హైదరాబాద్ నుంచి ఇంగ్లిష్‌లో మాట్లాడితే, లోన్ వాళ్లనుకుని పెట్టేయొద్దని ఆవిడకి రెండుసార్లు చెప్పాం.